కరెంటు కూడా అప్పు లాంటిదే

(ఆనందపురంలో జరిగిన సమాఖ్య వార్షిక మహాజన సభలో చేసిన ప్రసంగం. మాట్లాడినవారు రిటైర్డ్ హైస్కూల్ ఫిజికల్ సైన్స్ టీచరు, మన సంఘాల తొలి సభ్యుల్లో ఒకరి కుమార్తె. సభ్యులు అడిగిన మీదట ఆ ప్రసంగాన్ని ఈ నివేదికలో చేర్చాం.)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మేడమ్, విద్యుత్తు, ఆర్థికాభివృద్ధి, పర్యావరణం అనే విషయం మీద మాట్లాడాలి" అన్నారు. వినగానే నాకే నిద్రొచ్చింది. భోజనాల టైముకి ముందు ఈ మాటలు చెబితే మీరు నన్ను క్షమించరు. అందుకని మీకు బాగా తెలిసిన మాటతో మొదలుపెడతాను. అప్పు.

అప్పు మంచిదా, చెడ్డదా? మీలో ఎవర్ని అడిగినా ఒకటే చెబుతారు. "దేనికి తీసుకున్నావో చెప్పు, అప్పుడు చెబుతాం" అంటారు. గేదె కొన్నారా, పెళ్లికి పెట్టారా? గేదె పాలిస్తోందా? కిస్తీ ఎవరు కడుతున్నారు, తీసుకున్నావిడా లేక ఆవిడ కట్టలేకపోతే సంఘమా? ఈ మూడు ప్రశ్నలు అడక్కుండా ఏ సంఘంలోనూ అప్పు తీర్మానం రాయరు.

కరెంటు కూడా అంతే. ఎక్కువ వాడితే అభివృద్ధి, తక్కువ వాడితే పర్యావరణం అని రెండు జట్లుగా విడిపోయి వాదించుకోవడం టీవీల్లో చూస్తుంటాం. ఆ రెండూ కాదు. ఎంత వాడాం, దానికి ఏం వచ్చింది, దాని ఖర్చు ఎవరు మోశారు. ఈ మూడు గడులు ఉన్న పుస్తకం కావాలి. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా వివరం.

ఈ మాట నాకు కాలేజీలో రాలేదు. మా అమ్మ దగ్గర వచ్చింది.

అమ్మ వాళ్ల సంఘం మొదలైన రోజుల్లో రోజుకో రూపాయి పొదుపు. ఆ డబ్బు పెరిగి, బ్యాంకు లింకేజీ వచ్చాక అమ్మ అప్పు తీసుకుని పిండిమిల్లు పెట్టింది. ఐదు హార్స్‌పవర్ మోటారు, రెండు రాళ్లు, ఓ రేకుల షెడ్డు. చోళ్లు, బియ్యం, పండక్కి ముందు మిరపకాయలు. మొదటి ఏడాది బాగానే నడిచింది. రెండో ఏడాది ఎండాకాలం వోల్టేజీ సరిగ్గా ఉండేది కాదు. బల్బు దీపంలా మినుకు మినుకుమనేది. జనం వరసలో ఉన్నారు కదా అని అమ్మ మోటారు ఆపలేదు. ఓ సాయంత్రం కాలిన వాసన వచ్చింది. వైండింగు పోయింది.

మోటారు బాగుచేయించడానికి, డబ్బు సర్దుకోవడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నర మిల్లు లేదు, రాబడి లేదు, కిస్తీ మాత్రం ఉంది. ఆ కిస్తీ కట్టింది మా నాన్న కాదు, బ్యాంకు మాఫీ చేసిందీ కాదు. సంఘంలో మిగతా ఆడవాళ్లు తలా కొంచెం వేసి కట్టారు. అందులో ఒకావిడ పూలు అమ్మిన డబ్బులు కొంగున కట్టుకుని వచ్చి మా గుమ్మంలో విప్పింది. అమ్మ ఏడ్చింది. నేను అప్పటికే ఉద్యోగంలో ఉన్నాను. నా జీతంలోంచి ఇస్తానంటే ఒప్పుకోలేదు. "సంఘం ఇచ్చింది సంఘానికే తీరుస్తాను" అంది.

మోటారు తిరిగొచ్చాక అమ్మ నా చేతికి ఓ నోటుబుక్కు ఇచ్చింది. "రోజూ సాయంత్రం మీటరు రీడింగు రాయి. పక్కన ఎన్ని కిలోలు పట్టామో రాయి" అంది. ఎందుకంటే, "మోటారు తిరిగితే సరిపోదే, తిరిగినందుకు ఏమొచ్చిందో తెలియాలి" అంది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా నేనే రాసేదాన్ని. మొదట్లో ఒక యూనిట్‌కి తొమ్మిది కిలోలు పట్టేవాళ్లం. ఎందుకు ఇంత తక్కువని చూస్తే, రాళ్లు అరిగిపోయాయి, బెల్టు జారుతోంది. రాళ్లు మళ్లీ కొట్టించాం, బెల్టు బిగించాం. అదే మోటారు, అదే మీటరు, యూనిట్‌కి పదమూడు కిలోలు. వోల్టేజీ పడిపోతే మిల్లు ఆపడం కూడా అప్పుడే నేర్చుకుంది. సంఘం వాళ్ల డబ్బు ఎనిమిది నెలల్లో తీర్చేసింది.

తర్వాత నేను పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు పెద్ద పెద్ద పుస్తకాల్లో అదే లెక్క చూశాను. ఒక దేశం ఎంత ఇంధనం వాడి ఎంత సంపద తీసింది అని ఆర్థికవేత్తలు లెక్కలు కడతారు. అది మా అమ్మ నోటుబుక్కే. యూనిట్‌కి ఎన్ని కిలోలు.

కొంతమంది అంటారు, అసలు తక్కువ వాడితే ఏ గొడవా లేదు కదా అని. అలా అనేవాళ్లు పొయ్యి ఊదినవాళ్లు కాదు. మన దేశంలో మనిషికి ఏడాదికి సగటున సుమారు 1,400 యూనిట్ల కరెంటు వాడకం ఉంది. ప్రపంచ సగటు దానికి రెండు రెట్లకి పైనే. అమెరికాలో మనిషికి 12 వేల యూనిట్లు దాటుతుంది. మనం తక్కువ వాడుతున్నాం అంటే పొదుపరులమని కాదు, చాలామందికి ఇంకా అందలేదని. ఆ లోటు ఎవరు పూడుస్తున్నారంటే ఆడవాళ్ల ఒళ్లు పూడుస్తోంది. మోటారు లేనిచోట బిందె. గ్యాస్ లేనిచోట జీడి కొమ్మలు, కంప, పిడకలు.

వంటింటి పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మా అమ్మ ఊదుగొట్టంతో ముప్పై ఏళ్లు పొయ్యి ఊదింది. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం వచ్చింది. గ్యాస్ కనెక్షన్ ఆడవాళ్ల పేరు మీద, అదీ డ్వాక్రా సంఘాల ద్వారా ఇచ్చిన పథకం అది. మా ఇంటికీ వచ్చింది. కానీ సిలిండరు ఖరీదు చూసి అమ్మ అన్నం, కూర మాత్రం గ్యాస్ మీద చేసి, స్నానాల నీళ్లు, కుడితి అన్నీ కట్టెల మీదే కాచేది. చివరి ఏళ్లలో దగ్గు, ఆయాసం. మెట్లు ఎక్కలేకపోయేది. ఇప్పుడు ఆవిడ లేదు. 2024 నవంబరు 1న దీపం 2 పేరుతో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇవ్వడం మొదలైనప్పుడు, టీవీలో చూస్తూ నాకు ఆ పొయ్యే గుర్తొచ్చింది.

కాబట్టి ఇంధనం కావాలి. అది లేకుండా అభివృద్ధి లేదు, ఆరోగ్యమూ లేదు. మొదటి గడి నింపడానికి భయపడకూడదు. రెండు, మూడు గడులు ఖాళీగా వదిలేయకూడదు. అంతే.

ఇప్పుడు మన విశాఖ పుస్తకం తిరగేద్దాం.

1933లో ఓడరేవు వచ్చింది. 1955లో మాచ్‌ఖండ్‌లో నీటి కరెంటు మొదలైంది. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు ఫ్యాక్టరీని జాతికి అంకితం చేశారు. మన మండలం నుంచి, చుట్టుపక్కల నుంచి ఎన్ని కుటుంబాలు ఆ ఫ్యాక్టరీ వల్ల, దాని చుట్టూ పుట్టిన పనుల వల్ల నాలుగు మెతుకులు తిన్నాయో మీకు తెలుసు. ఇది రెండో గడి. బాగానే నిండింది.

మూడో గడి చూద్దాం. ఉక్కు ఫ్యాక్టరీకి 64 గ్రామాల వాళ్లు భూములిచ్చారు. ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ముసలివాళ్లయిన మనుషులు ఇప్పటికీ ఉన్నారు. ఒక టన్ను ఉక్కు తీయడానికి ముప్పావు టన్నుకి పైగా కోకింగ్ బొగ్గు కావాలి. ఎక్కువ భాగం ఓడల్లో విదేశాల నుంచి వస్తుంది. ఓడరేవు పక్కన పాత ఊరి ఆడవాళ్లు బట్టలు ఆరేస్తే నల్లటి పొడి పడేదని ఎన్నేళ్లు మొత్తుకున్నారో పేపర్లు చదివేవాళ్లకి తెలుసు. విశాఖ చుట్టూ కొండలు. నగరం గిన్నెలా ఉంటుంది, పొగ తొందరగా బయటికి పోదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల జాబితా వేస్తే అందులో విశాఖ ఉంది.

పరవాడ దగ్గర సింహాద్రి విద్యుత్ కేంద్రం ఉంది. నాలుగు యూనిట్లు, మొత్తం 2,000 మెగావాట్లు. బొగ్గు ఒడిశాలోని తాల్చేరు గనుల నుంచి వస్తుంది. మన ఇంట్లో ఒక యూనిట్ కరెంటు కాలితే, ఎక్కడో సుమారు 650 నుంచి 700 గ్రాముల బొగ్గు కాలినట్టు. మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ, దాదాపు మూడో వంతు. స్విచ్ మన చేతికి దగ్గర. బూడిద చెరువు మాత్రం ఇంకో ఊరి ఆడవాళ్ల గుమ్మానికి దగ్గర. ఆ పొగలోని కార్బన్ ఆకాశానికి ఎక్కి సముద్రాన్ని వేడెక్కిస్తుంది. సముద్రం వేడెక్కే కొద్దీ తుపాన్లకి బలం వస్తుంది.

తుపాను అనగానే మీకు ఏది గుర్తొస్తుందో నాకు తెలుసు. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. ఆ ఒక్క తుపానే కార్బన్ వల్ల వచ్చిందని నేను చెప్పను, సైన్సు అలా చెప్పదు. కానీ ఆ రోజు మనం ఇంకో సంగతి నేర్చుకున్నాం. స్తంభాలు పడిపోయాయి. కరెంటు లేదు కాబట్టి నీళ్ల మోటారు లేదు. మోటారు లేదు కాబట్టి ట్యాంకు ఖాళీ. ఫోన్లు చచ్చిపోయాయి. చేతిపంపు దగ్గర వరస రోడ్డు దాకా వచ్చింది. జీడిమామిడి తోటలు వేళ్లతో లేచిపోయాయి, పూల మళ్లు నేలమట్టం. కరెంటు మీద ఎంత ఆధారపడ్డామో ఆ రోజుల్లో తెలిసింది. అభివృద్ధి అంటే ఎక్కువ కరెంటు ఒక్కటే కాదు, తుపానుకి తట్టుకునే కరెంటు కూడా.

అదే విశాఖలో మంచి ఉదాహరణలూ ఉన్నాయి. అవీ చెప్పకపోతే అన్యాయం.

ఉక్కు ఫ్యాక్టరీలో ఎర్రగా కాలిన కోక్ బయటికి వస్తుంది. మామూలుగా దాని మీద నీళ్లు చల్లి చల్లారుస్తారు, వేడంతా ఆవిరైపోతుంది. మన విశాఖ ఉక్కులో నీళ్లు పోయకుండా నైట్రోజన్ వాయువు పంపి చల్లారుస్తారు. ఆ వేడితో ఆవిరి చేసి, ఆ ఆవిరితో కరెంటు తీస్తారు. దేశంలో ముందుగా ఈ పద్ధతి పెట్టిన ఫ్యాక్టరీ అదే. మనం అన్నం వార్చిన గంజి పారబోయకుండా చీరలకి పెట్టుకున్నట్టు అన్నమాట.

హుద్‌హుద్ తర్వాత నగరంలో 90 వేలకి పైగా వీధి దీపాలు మార్చి ఎల్ఈడీ పెట్టారు. వెలుగు తగ్గలేదు, కరెంటు తగ్గింది. సింహాద్రి కేంద్రం నీటి చెరువు మీద 2021లో 25 మెగావాట్ల సోలార్ పలకలు తేలేలా పెట్టారు. భూమి అక్కర్లేదు, నీళ్లు ఆవిరయ్యేది కూడా తగ్గుతుంది. విశాఖ ఓడరేవు సొంతంగా 10 మెగావాట్ల సోలార్ కేంద్రం పెట్టుకుంది. ఇవన్నీ మా అమ్మ రాళ్లు కొట్టించడం లాంటివే. పని ఆగలేదు, యూనిట్‌కి కిలోలు పెరిగాయి.

ఇక మన గుమ్మంలోకి వద్దాం. మీలో చాలామంది ఇందాకటి నుంచి ఎదురుచూస్తున్నది ఇదేనని నాకు తెలుసు. తర్లువాడ.

2025 అక్టోబరు 14న ఢిల్లీలో గూగుల్ కంపెనీ, మన రాష్ట్ర ప్రభుత్వం కలిసి ప్రకటించాయి. ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో విశాఖ ప్రాంతంలో డేటా సెంటర్లు. మన ఆనందపురం మండలంలోని తర్లువాడ, సింహాచలం దగ్గర అడవివరం, అనకాపల్లి జిల్లా రాంబిల్లి, ఈ మూడు చోట్ల. సామర్థ్యం ఒక గిగావాట్, అంటే 1,000 మెగావాట్లు.

డేటా సెంటర్ అంటే ఏంటని మొన్న ఓ చెల్లెలు అడిగింది. మీరు ఫోన్‌పేలో కిస్తీ కడతారు, మనవడికి వీడియో పెడతారు, పిల్ల ఫోన్లో ఏదో ప్రశ్న అడిగితే కంప్యూటరే జవాబు రాసిచ్చేస్తుంది. ఆ పనులన్నీ గాలిలో జరగవు. ఎక్కడో పెద్ద పెద్ద షెడ్లలో వేలకొద్దీ కంప్యూటర్లు రాత్రీ పగలూ ఆగకుండా పనిచేస్తాయి. అవి వేడెక్కుతాయి కాబట్టి వాటిని చల్లగా ఉంచాలి. దానికి ఇంకా కరెంటు, చాలాచోట్ల నీళ్లు కూడా. 2024లో ప్రపంచం మొత్తం కరెంటులో డేటా సెంటర్ల వాటా సుమారు ఒకటిన్నర శాతం. కానీ అన్నీ ఒకేచోట పోగుపడితే ఆ ఊరి లెక్క వేరేగా ఉంటుంది. ఐర్లండ్ అనే చిన్న దేశంలో 2023లో మీటరు మీద పోయిన కరెంటులో 21 శాతం డేటా సెంటర్లే వాడాయి.

1,000 మెగావాట్లంటే ఎంతో లెక్క వేద్దాం. అది పూర్తి సామర్థ్యంతో రోజంతా నడిస్తే రోజుకి రెండు కోట్ల నలభై లక్షల యూనిట్లు. నెలకి 72 కోట్ల యూనిట్లు. నెలకి వంద యూనిట్లు వాడే ఇళ్లు 72 లక్షలు ఎంత వాడతాయో అంత. ఇంకోలా చెప్పాలంటే, సింహాద్రి కేంద్రం మొత్తం సామర్థ్యంలో సగం.

దీన్ని చూసి భయపడమని నేను చెప్పను, చప్పట్లు కొట్టమనీ చెప్పను. మన సంఘానికి ఎవరైనా పెద్ద అప్పు దరఖాస్తు పెట్టుకుంటే ఏం చేస్తాం? మనిషి మీద అనుమానంతో కాదు, పద్ధతి ప్రకారం ప్రశ్నలు అడుగుతాం. అలాగే గ్రామసభలో అడగాలి.

ఒకటి, కరెంటు ఎక్కడి నుంచి? ఎండ నుంచి, గాలి నుంచి అంటే రాత్రి పూట, గాలి లేని రోజు ఎలా? కొత్త లైన్లు, సబ్‌స్టేషన్ల ఖర్చు ఎవరి బిల్లులోకి వస్తుంది? మన కరెంటు బిల్లులో ఇంధన సర్దుబాటు, ట్రూ అప్ అని కింద ఒక వరస ఉంటుంది కదా. ఎక్కడో అయిన ఖర్చు మన ఇంటికి నడిచివచ్చే దారి అది. ఆ వరస చదవడం నేర్చుకోండి.

రెండు, నీళ్లు ఎక్కడివి? ఎండాకాలం మన బోర్లు ఎంత లోతుకి పోతున్నాయో పూలు పండించే మీకంటే ఎవరికి తెలుసు? తాగునీళ్లకి, మళ్లకి ఏ మాత్రం తగ్గకుండా ఉండేలా రాతపూర్వకంగా ఏం ఇస్తున్నారు?

మూడు, భూమి. డి-పట్టా భూముల్లో జీడి తోటలు పెంచి, ఏరుకుని, అమ్ముకుని బతికింది ఆడవాళ్లు. పట్టాలో పేరు మాత్రం మగవాళ్లది. పరిహారం వస్తే అది ఎవరి ఖాతాలో పడుతుంది? అనుభవంలో ఉన్నావిడకి ఏం దక్కుతుంది?

నాలుగు, పని. కట్టేటప్పుడు కూలి పని ఉంటుంది, కట్టాక ఏముంటుంది? లోపల పనికి ఏ చదువు కావాలి? ఆ చదువు మన హైస్కూలు పిల్లలకి, ముఖ్యంగా ఆడపిల్లలకి ఇప్పటి నుంచే ఎవరు నేర్పిస్తారు? మన మండలంలోనే గంభీరంలో ఐఐఎం ఉంది. దాని గేటు ముందు నుంచి రోజూ వెళ్లే మన పిల్లల్లో ఎంతమంది లోపలికి వెళ్లారు? గేటు బయట టీ కొట్టు ఒక్కటే మన వాటా కాకూడదు.

అడగడానికి ఒక టైము ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా సోంపేట బీలలో థర్మల్ కేంద్రం పెట్టబోతే, అది మా చేపల, సాగు నీళ్ల నేల అని అక్కడి జనం ఎదురు నిలిచారు. ఆడవాళ్లు ముందు వరసలో ఉన్నారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఆ ప్రాజెక్టుకి ఇచ్చిన పర్యావరణ అనుమతి రద్దయింది. వాళ్ల ప్రశ్నలు ముందే వినుంటే ఆ ప్రాణాలు మిగిలేవి. అందుకే కాగితం దశలోనే అడగాలి. గొడవ పెట్టుకోవడానికి కాదు, గొడవ రాకుండా ఉండటానికి.

సరే, పెద్దవాళ్లని అడుగుతాం. మరి మన పుస్తకం సంగతేంటి?

ఇంట్లో మొదలుపెడదాం. పాత 60 వాట్ల బల్బు రోజుకి ఐదు గంటలు వెలిగితే నెలకి 9 యూనిట్లు. 9 వాట్ల ఎల్ఈడీ అయితే ఒకటిన్నర యూనిట్ కూడా కాదు. బల్బులు మనం చాలావరకు మార్చేశాం. ఫ్యాను మార్చలేదు. పాత ఫ్యాను 75 వాట్లు. రోజుకి పదిహేను గంటలు తిరిగితే నెలకి దాదాపు 34 యూనిట్లు. ఇప్పుడు బీఎల్‌డీసీ అని వస్తున్నాయి, 30 వాట్ల లోపే. అది పదమూడున్నర యూనిట్లు. ఒక్క ఫ్యానుకి నెలకి 20 యూనిట్లు మిగులు. మన స్లాబు పద్ధతిలో వాడకం పెరిగే కొద్దీ రేటు పెరుగుతుంది. కాబట్టి మిగిలేది ఎప్పుడూ పై రేటు యూనిట్లే. మన సమాఖ్యలో వెయ్యి ఇళ్లు ఒక్కో ఫ్యాను మార్చితే నెలకి 20 వేల యూనిట్లు, అంటే 14 టన్నుల బొగ్గు. ఒక లారీ బొగ్గు కాలకుండా ఆపినట్టు. ఏ ఇంట్లోనూ ఉక్కపోయదు.

పని చేసుకునేవాళ్లకి ఇంకో మాట. సంఘం అప్పుతో పిండిమిల్లు, కుట్టుమిషన్లు, ఫ్రీజరు, పచ్చళ్ల మిక్సీ, ఇస్త్రీ ఏది పెట్టినా, కొనేటప్పుడు ధర ఒక్కటే చూడకండి. చవకగా వచ్చిన పాత ఫ్రీజరు నెలనెలా బిల్లు రూపంలో తన ధర వసూలు చేసుకుంటుంది. కనెక్షన్ ఏ కేటగిరీలో ఉందో అడగండి, కుటీర పరిశ్రమకి వేరే కేటగిరీ ఉంది. మోటారుకి మంచి స్టార్టరు పెట్టించండి. మా అమ్మకి ఆ స్టార్టరు లేకపోవడం వల్లే కదా మీ అమ్మలు కొంగు ముడి విప్పాల్సి వచ్చింది.

ఇంటి మీద సోలార్ గురించి చాలామంది అడుగుతున్నారు. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలైంది. రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కి 30 వేల చొప్పున, మూడు కిలోవాట్లకి 78 వేల రూపాయలు కేంద్రం సబ్సిడీ. ఒక కిలోవాట్ పలకలు మన ఎండకి రోజుకి సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. కానీ తొందరపడకండి. నెలకి యాభై అరవై యూనిట్లు వాడే ఇంటికి బిల్లే తక్కువ, అప్పు చేసి పలకలు పెడితే తీరడానికి చాలా ఏళ్లు పడుతుంది. రెండొందలు దాటే ఇంటికి, పగటి పూట మిషను నడిపే ఇంటికి లాభం. శ్లాబు లేని రేకుల ఇంటికి, నీడపడే ఇంటికి వేరే ఆలోచన. తెలంగాణలో మహిళా సంఘాలతో కలిపి 1,000 మెగావాట్ల సోలార్ కేంద్రాలు పెట్టించాలని అక్కడి ప్రభుత్వం పూనుకుంది. అంటే కరెంటు కొనుక్కునే ఆడవాళ్లు కరెంటు అమ్మే ఆడవాళ్లు కావచ్చు. మన సమాఖ్య భవనం పైకప్పు ఖాళీగానే ఉంది. ఆ సంగతి పాలకవర్గం ఆలోచించాలి.

చివరగా మూడు పనులు మీ ముందు పెడుతున్నాను. మీకు నచ్చితేనే తీర్మానం చేయండి.

మొదటిది, ప్రతి సంఘంలో ఒక కరెంటు పుస్తకం. పొదుపు సమావేశం రోజున ప్రతి సభ్యురాలు తన బిల్లులోని యూనిట్లు చెప్పాలి, బుక్ కీపరు రాయాలి. పని పెట్టుకున్నవాళ్లు పక్కనే ఎన్ని కిలోలు, ఎన్ని జాకెట్లు, ఎంత అమ్మకం అని కూడా చెప్పాలి. ఆరు నెలలు రాస్తే మీకే తెలుస్తుంది ఎక్కడ రాయి అరిగిందో, ఎక్కడ బెల్టు జారుతోందో.

రెండోది, ఫ్యానుకి, మంచి మోటారుకి చిన్న అప్పు. మిగిలే బిల్లుతోనే కిస్తీ కట్టుకునేలా. ఇది ఖర్చుకి తీసుకునే అప్పు కాదు, గేదె లాంటి అప్పు.

మూడోది, గ్రామసభకి మన ప్రశ్నలు. ప్రతి గ్రామ సంఘం నుంచి ఇద్దరు, కాగితం మీద రాసుకుని వెళ్లాలి. జవాబు కూడా మినిట్స్ పుస్తకంలో రాయించుకోవాలి. నోటి మాట గాలికి పోతుంది, మనకి ఆ సంగతి కొత్త కాదు.

మా అమ్మ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గర ఉంది. పిండి మరకలు, పసుపు మరకలు. చివరి పేజీలో నా దస్తూరీ కాదు, ఆవిడదే. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు. ఆ రోజు రీడింగు, ఆ రోజు కిలోలు, కింద ఒక పేరు. ఆ రోజు పూల డబ్బులు కొంగున కట్టుకొచ్చిన ఆవిడ పేరు. పక్కన "తీరింది" అని రాసింది.

ఆ పేరు ఇక్కడ చెప్పను. ఆవిడ కూతురు మూడో వరసలో కూర్చుని ఉంది. ఆమెకి తెలుసు.

ఎంత వాడాం, ఏమొచ్చింది, ఎవరు మోశారు. ఎవరు మోశారో వాళ్ల పేరు రాసి, పక్కన "తీరింది" అని రాయగలిగిన రోజున దాన్ని అభివృద్ధి అందాం. అంతవరకూ అది బాకీయే.